హీరోగారి వీపు

మొన్న మా మనవడు నన్ను జిమ్ముకు తీసుకుపోయాడు. కుడిభుజం పైకి లేవనని మొండికేసి కొన్ని నెలలైంది. చొక్కా తొడుక్కోబోతే ఒక చెయ్యి దూరిన తర్వాత రెండోది దారి తప్పి నా వెనకాల ఎక్కడో తిరుగుతోంది. డాక్టరు కసరత్తు చేయించమన్నాడు. మనవడు నన్ను కారెక్కించి జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల మేడ ముందు దింపాడు. లిఫ్టెక్కి పైకి పోయి కిటికీలోంచి చూసేదాకా నేనెక్కడ ఉన్నానో నాకు తెలియలేదు. కింద వంపు తిరిగిన రోడ్డు. అవతల స్టూడియో గోడ. ఆ వంపు నాకు తెలుసు. ఇప్పుడు ఆ జిమ్ము ఉన్నచోట ఒకప్పుడు ఏనుగంత రాతిగుండు ఉండేది. దాని మీద నా వీపు అచ్చు పడుతుండేది.

జిమ్ములో రబ్బరు వాసన, పైన ఏదో పూలవాసన చల్లారు. ట్రెయినరు కుర్రాడు నా చేతిని పట్టుకుని బావి గిలక తిప్పినట్టు తిప్పి చూసి, "సార్, లైఫ్‌లో ఎప్పుడైనా వర్కవుట్ చేశారా?" అని అడిగాడు.

నా వయసువాణ్ణి అడగకూడని ప్రశ్న అది. "రోజుకు వెయ్యి బైఠకీలు తీసేవాణ్ణి" అన్నాను.

ఇనుప గుండ్లెత్తుతున్న ఇద్దరు ముగ్గురు ఆగి నా వంక చూశారు. దాంతో ఊపొచ్చింది. "బర్రెదూడను మెడ మీద వేసుకుని ఇదే గుట్ట రోజూ ఎక్కి దిగేవాణ్ణి. సినిమావాళ్ళు బతిమాలితే షూటింగుకు పోయాను. నన్ను చూసి ఆ హీరో..."

"తాతా" అన్నాడు మనవడు మెల్లగా.

ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని సరిచేసుకుంటున్నాను. వెయ్యి కాదు, మూడొందలు. అవీ నాకు కసరత్తు నేర్పిన ఉస్తాద్ చూస్తున్నప్పుడే. బర్రెదూడ అబద్ధం. కానీ నేను మోసింది దూడకంటే బరువైనదే, దాని సంగతి చెబుతాను. హీరో మాత్రం నిజం.

మాది షేక్‌పేట. బర్రెలు, పాల వ్యాపారం. గుట్టల మీద స్టూడియోలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఫిల్మ్‌నగర్ అన్న మాట జనం నోటికి ఇంకా కొత్త. ఎటు చూసినా రాళ్ళు, రాళ్ళ మధ్య సీతాఫలం పొదలు, పొదల కింద ఉడుములు. ఆ రాళ్ళలోకి మద్రాసు నుంచి లారీల కొద్దీ సింహాసనాలూ కోటగుమ్మాలూ వచ్చి దిగుతుండేవి. పొద్దున్నే సైకిలుకు రెండు పాలక్యాన్లు కట్టుకుని స్టూడియో క్యాంటీనుకు పాలు పోసి రావడం నా పని. పోసిన తర్వాత అక్కడే తచ్చాడడం నా చదువు. అట్టతో చేసిన బండరాయిని వేలితో పొడిచి చూసేవాణ్ణి. రాజుగారి కిరీటాన్ని గోటితో గీకి చూసేవాణ్ణి. ప్రతి వస్తువుకూ ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను. ముందు బంగారం, వెనక గోనెపట్టా.

ఒళ్ళంటారా, నాది మా నాయనమ్మ చేసిన ఒళ్ళు. నేను పెద్ద మనవణ్ణి. పాలు కాచిన ప్రతిసారీ మీగడ పక్కకు తీసి నా నోట్లో పెట్టేది. ప్రతి ఆదివారం వాకిట్లో బండమీద కూర్చోబెట్టి నువ్వులనూనె పట్టించి, శెనగపిండితో నలుగు పెట్టేది. రుద్దుతున్నంతసేపూ పాత సంగతులు. "పోలీసు యాక్షన్ నాడు విమానం చప్పుడినంగనే మీ తాత గడ్డివామిల దాసుకున్నడు బిడ్డా. మూడు దినాలు బయటికి రాలే. బర్రెలకు గడ్డి ఏస్తందుకు నేను వాము గుంజితే మీ తాత కాలు చేతికొచ్చింది." ఈ కథ చెబుతూ చెబుతూ నా నడుం పక్కనున్న మడతలను పట్టుకుని మురిసిపోయేది. నాకప్పుడు పదహారేళ్ళు. వీధిలో పిల్లలు నన్ను వెన్నముద్ద అనేవారు. నాయనమ్మ దాన్ని పొగడ్త అనుకునేది.

వినాయకుణ్ణి నీళ్ళలో వదిలిన వారం అనుకుంటాను, ఎండ మాడుస్తోంది. క్యాంటీను వెనక కుళాయి దగ్గర చొక్కా విప్పి, వంగి తలమీద నీళ్ళు పట్టుకుంటున్నాను. వెనకనుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు.

"బాబుగారూ! మీరేంటండీ ఇక్కడ, ఈ ఎండలో! గొడుగేదండీ!"

తిరిగి చూశాను. ఆయన ప్రొడక్షన్ మేనేజరు. కృష్ణాజిల్లా మనిషి, మెడలో తువ్వాలు. నా మొహం చూడగానే పాలు విరిగినట్టు ఆయన మొహం విరిగింది.

"ఛ! ఎవర్రా నువ్వు?"

"పాలోన్ని సార్."

"ఏదీ, మళ్ళీ అటు తిరుగు." తిరిగాను. "చెయ్యెత్తు." ఎత్తాను. "ఒరే, ఒక్కసారి ఇటు రండ్రా! అచ్చం మన బాబుగారు దిగొచ్చినట్టు లేదూ!" నలుగురు పోగయ్యారు. నా వెనక నిలబడి నా వీపు గురించి మాట్లాడుకున్నారు. ఏముందో చూద్దామని మెడ తిప్పబోయాను. "ఇటు తిరక్కు నాయనా, అంతా పాడైపోతోంది" అన్నాడు మేనేజరు.

విషయమేమిటంటే, వాళ్ళు ఒక రాజుల కథ తీస్తున్నారు. హీరో గద భుజాన వేసుకుని గుట్ట ఎక్కి, పైన నిలబడి గద పైకెత్తాలి. హీరోకు నడుం పట్టేసింది. ఆయన పెద్ద వయసువాడు, పేరు చెప్పను, అందరూ బాబుగారనే పిలిచేవారు. వెనకనుంచి తీసే ఆ ముక్కకు ఆయన బదులు నేను ఎక్కాలి.

"దీపావళి వెళ్ళాక షూటింగు. ఇలాగే రా, తెలిసిందా? ఏమీ మార్చకు. జుట్టు కూడా కత్తిరించకు."

ఇలాగే రా. ఎంత తేటగా చెప్పాడో చూడండి. అయినా నా బుర్రకు ఎక్కలేదు. ఎందుకెక్కలేదంటే, మా వైపు టాకీసు ముందు అదే హీరోది పాత సినిమా కటౌటు ఒకటి ఇంకా తీయకుండా ఉంది. సగం వెనక్కి తిరిగి నిలబడ్డ భంగిమ. ఆ బొమ్మ వేసిన మహానుభావుడు ఎవరో గాని ఆ వీపును కోటతలుపంత వేశాడు. భుజాలు మిద్దెల్లా ఉన్నాయి. వెన్ను మధ్యలో కాలవ. నేను సైకిలాపి దాని కింద నిలబడి చాలాసేపు చూశాను. ఇదీ హీరో వీపు! మరి నన్నిలాగే రమ్మంటారేమిటి? సినిమావాళ్ళు మర్యాదస్తులు, లావుగా ఉన్నావని మొహమ్మీద అనలేక అలా అన్నారని తేల్చుకున్నాను. తెర మీదికి పోయేది నేను. వెన్నముద్ద తెర మీదికి పోతే షేక్‌పేటలో మళ్ళీ తలెత్తగలనా?

ఆ సాయంత్రమే తాలీంకు పోయాను.

ఊరి చివర మట్టిగోడల కొట్టం, అదే మా తాలీం. కుస్తీలు నేర్పే చోటు. లోపల ఎర్రమట్టి గుంట, గోడమీద ఆంజనేయస్వామి పటం. లోపలికి అడుగు పెట్టగానే ఒక వాసన వచ్చేది. పసుపు, వేపాకు, నూనె, పులిసిన మజ్జిగ, వీటన్నిటితో పదునెక్కిన మట్టి వాసన. పైన పాత చెమట. ఆ వాసన ఇప్పుడెక్కడా లేదు, నేను వెతికాను. ఉస్తాద్ ఒక్కడే ఉన్నాడు. పోలీసు యాక్షన్‌కు ముందు నవాబుల దేవిడీలలో కుస్తీ పట్టినవాడు. చెవులు రెండూ నలిగి ఎండిన అల్లంకొమ్ముల్లా ఉండేవి. కుర్రాళ్ళంతా స్టూడియో గేట్ల దగ్గరికి చేరడంతో తాలీంకు వచ్చేవాడే లేడు. ఉగాదిదాకా చూసి, ఆ జాగాలో బర్రెలు కట్టేసుకుందామని మా బాపుతో సహా ఊళ్ళో నలుగురు అనుకుంటున్నారు. ఉస్తాద్‌కు అది తెలుసు.

"ఎందుకొచ్చినవ్?"

"వీపు కావాలె ఉస్తాద్."

"ముందట వద్దా?"

"వద్దు. ఎన్కనే కావాలె. దీపావళి దాక."

ఆయన చాలాసేపు నవ్వాడు. సంగతంతా చెప్పాక నవ్వు ఆపాడు. లేచి వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు నా చుట్టూ తిరిగి, "మా తాలీం వీపు సిన్మాల పడ్తదా?" అన్నాడు.

"పడ్తది."

"మల్ల పారిపోతివనుకో..."

"పారిపోను ఉస్తాద్."

"జర ఆగు. ముందుగాల గా పార తీస్కో."

మొదటి పది పన్నెండు రోజులూ ఒక పట్టు లేదు, ఒక దండీ లేదు. మట్టి తవ్వడమే. గుంటలో మట్టిని మోకాలి లోతు తవ్వాలి, కలియబెట్టాలి, చదును చేయాలి. మర్నాడు మళ్ళీ అదే మట్టి. అదే తాలీంల పద్ధతి. కొత్తవాడు ముందు మట్టికి చాకిరీ చేయాలి. రెండోనాడు పొద్దున పక్కమీద నుంచి లేవలేక దొర్లి కింద పడ్డాను. మూడోనాడు అన్నం ముద్ద నోటిదాకా రాలేదు, నోరే ముద్ద దగ్గరికి పోయింది. తర్వాత దండీలు, బైఠకీలు, భుజాల చుట్టూ తిప్పే కొయ్య ముద్గరాలు. ఉస్తాద్ గోడకు ఆనుకుని కూర్చుని పాన్ నములుతూ, "ఇంకోటి" అనేవాడు. ఆయనకు వచ్చిన లెక్క అదొక్కటే. నేను పడిపోయిన తర్వాత వచ్చే ఇంకోటే కసరత్తు, అంతకు ముందువన్నీ ఊరికే అనేవాడు.

నన్ను మాత్రం ప్రశ్నలు కుట్టి చంపేవి. తిన్న నెయ్యి భుజం దాకా ఏ తోవన పోతుంది? కండ నిద్రలో పెరుగుతుందా, మెలకువలోనా? ఎడమచెయ్యి తక్కువ పని చేసినా అంతే ఎందుకు నొస్తుంది?

"అడుగుడు తక్వ జెయ్, తీసుడు ఎక్వ జెయ్" అనేవాడు. ఒకనాడు మాత్రం ఏ కళనున్నాడో, మట్టి పిడికెడు తీసి చూపించాడు. "తవ్వకముందు గిది రాయి లెక్కుండె. నీళ్ళు వోస్తే మీదికెల్లే పోతుండె. తవ్వినంక గుల్లయింది, గిప్పుడు ఎన్ని నీళ్ళు వోసినా తాగుతది. నీ ఒళ్ళు గూడ గంతే బేటా. నొప్పి తవ్వుతది. నిద్ర నీళ్ళు వోస్తది."

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. ఇంతకంటే బాగా అర్థమయ్యేట్టు ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ బరువు సంగతి. బర్రెదూడ అన్నాను గదా, అది ఉస్తాదే. చీకటి విడుస్తుండగా నా వీపు మీద ఎక్కి కూర్చునేవాడు. గుట్టపైనున్న రాతిగుండు దాకా నేను మోయాలి. ఆయన దర్జాగా అటూ ఇటూ చూస్తూ, దారిలో చేతికందిన సీతాఫలం కోసుకుని తింటూ, గింజలు నా తలమీదుగా ముందుకు ఉమ్మేవాడు. నేను ఆ గింజల వెంట నడిచేవాణ్ణి. పైదాకా మోశానని చెప్పాలని ఉంది. మోసింది సగం దూరం. అక్కడి మలుపు దగ్గర నాకు కళ్ళు తిరిగితే, ఒకటి రెండుసార్లు ఆయనే నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు.

పైన ఆ రాతిగుండు పక్కన వాననీళ్ళు నిలిచే గుంట ఉండేది. తాలీంలో అద్దం పెట్టనివ్వడు ఉస్తాద్. పెట్టినా అద్దంలో వీపు కనబడదు. నాకేమో వీపు ఎంతైందో చూసుకోవాలని ఒకటే ఆత్రం. చివరికి ఉపాయం తోచింది. ఎండెక్కాక పాలు పోసి తిరిగొచ్చేటప్పుడు ఒంటరిగా గుట్ట ఎక్కి, ఆ గుంటలో మునిగి, తడి వీపును వేడి రాతికి ఆనించేవాణ్ణి. తటాలున పక్కకు జరిగి వెనక్కి తిరిగితే, రాతి మీద నల్లగా నా వీపు అచ్చు. రెప్పపాటే. అంచులనుంచి ఆరిపోతూ, చూస్తుండగానే సన్నబడి, వెన్నెముక గీత ఒక్కటి మిగిలి, అదీ పోయేది. వారం వారానికీ అచ్చు వెడల్పవుతోందని పొంగిపోయాను. ఇప్పుడాలోచిస్తే, వారం వారానికీ నేను ఎక్కువ నీళ్ళు పోసుకున్నానేమోనని అనుమానం.

కండకు మేత కావాలి. శెనగలు, జొన్నరొట్టె ఇంట్లోవే. పాలు క్యాన్లలోవి. దారిలో ఆగి మూత తీసి గటగటా తాగి, తగ్గినమేరకు వాగులో నీళ్ళు కలిపేవాణ్ణి. క్యాంటీనాయన ఒకరోజు కాఫీగ్లాసు ఎండకు పెట్టి చూసి, "ఏమిరా అబ్బీ, మీ గేదెలు చెరువులో ఈదుకుంటూ వస్తున్నాయా?" అన్నాడు.

"వానలు ఎక్వున్నయి సార్."

"వానలు గేదెల మీద పడతాయి గాని గేదెల్లో పడతాయిటరా?"

ఇంట్లో నాయనమ్మ గోల వేరు. "గా మట్టిల పొర్లుడేందిరా బర్రె లెక్క! ఎండిన చెరుకుగడ లెక్క అయితివి గదరా!" అని ఏడ్చేది. ఆదివారం నలుగుకు నేను దొరక్కుండా తప్పించుకుంటున్నాను. వీపు నూనెతో మెత్తబడిపోతుందని నా భయం. మీగడ గిన్నె పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడి ఉండడం, నేను దొడ్డిదారిన తాలీంకు పోవడం, రోజూ ఇదే.

దీపావళి వెళ్ళింది. షూటింగు రోజు పొద్దున ఉస్తాద్ పటం ముందున్న బొట్టు నాకు పెట్టి, గుంటలో మట్టి చిటికెడు వీపున రాసి పంపాడు.

గుట్ట కింద మేనేజరు కంగారుగా తిరుగుతున్నాడు. నేను పోయి చొక్కా విప్పి అటు తిరిగి నిలబడ్డాను, పొగడ్తల కోసం ఎదురు చూస్తూ.

"ఎవరయ్యా నువ్వు? ఫైటర్లు అవతల."

"నేనే సార్. పాలోన్ని."

"పాలబ్బాయివా? మరి... అదేదీ?" అన్నాడు. నేను వస్తువేదో ఇంట్లో మరచిపోయి వచ్చినట్టు నా చుట్టూ వెతికాడు. "ఒరే, ఇలాగే రమ్మన్నాను కదరా! ఏం చేశావురా దాన్ని!"

డైరెక్టరు వచ్చాడు. ఒక్కసారి చూసి నెత్తి పట్టుకున్నాడు. "ముందునుంచి బాబుగారు, వెనకనుంచి వస్తాదు! కుర్చీలు విరగ్గొడతారయ్యా జనం. పంపించెయ్."

అప్పుడు గాని నాకు తెలియలేదు, వాళ్ళకు కావలసింది నా పాత వీపని. హీరోకు ఉన్నది అదేనని. నెలన్నరపాటు చచ్చీ చెడీ, ఉన్న ఒక్క అర్హతనూ చేజేతులా కరగదీసుకున్నానని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చొక్కా కోసం వంగాను.

"కొంచెం ఆగు బాబూ."

గొడుగు కింద కుర్చీలోంచి లేచి వస్తున్నాడు హీరో. దగ్గరగా ఆయన్ని అదే చూడడం. రాజు వేషం, ఛాతీమీద ఇత్తడి రంగు కవచం. దాని లోపల దూది కుక్కినట్టు పక్కనుంచి తెలుస్తోంది. నడుం పట్టుకుని మెల్లగా నా చుట్టూ తిరిగాడు. ఒక వేలితో నా భుజం నొక్కి చూశాడు. నేను అట్ట బండరాళ్ళను ఎలా పొడిచి చూసేవాణ్ణో, అచ్చం అలాగే.

"నిజమైనదే" అన్నాడు మేనేజరుతో. "ఎందుకిలా తయారయ్యావయ్యా?"

"టాకీసు కాడ మీ కటౌటు జూసి సార్. మీ వీపు గట్ల ఉంటదనుకున్న."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, ముందుగా ఆపింది కూడా ఆయనే. "ఆ కటౌటు ముందునుంచి పోతూ నేనూ అనుకుంటాను, ఎవరబ్బా ఇతను, చూడాలి ఒకసారి అని" అన్నాడు. ఇంతలో కాఫీ వచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసి, నా భుజాలు చూసి, మళ్ళీ గ్లాసులోకి చూసి, "పాలెటు పోతున్నాయో ఇవ్వాళ తెలిసింది" అన్నాడు.

ఆ తర్వాత గద తెమ్మన్నాడు. "నడుమండీ!" అని మేనేజరు మొత్తుకున్నాడు. "ఈ అబ్బాయి నా వీపు కోసం ఇంత పని చేశాడు, నేను ఒక గుట్ట ఎక్కలేనూ?" అని, కవచం వెనక తాళ్ళు విప్పించి, ఆ పెద్దమనిషి తానే ఎక్కాడు. వెనకనుంచి చూస్తున్నాను. వంగిన భుజాలు, నడుం పక్కన మడతలు. చివరి రాయి దగ్గర కాలు వణికింది. గద పైకెత్తాడు. కిందినుంచి చప్పట్లు. దించడానికి మాత్రం నలుగురు పోవలసి వచ్చింది.

ఇంటికి రాగానే నాయనమ్మ అడిగింది. "అయిందా బిడ్డా?"

"అయింది" అన్నాను. షూటింగు అయిన మాట నిజమే గదా.

ఉస్తాద్ అడిగాడు. ఆయనకూ అదే జవాబు. ఆయన ఆంజనేయుడి పటం వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత షేక్‌పేటంతా చెప్పుకొచ్చాడు, మా తాలీం వీపు సినిమాలో పడిందని. సంక్రాంతి నాటికి నలుగురు కుర్రాళ్ళు కొత్తగా చేరారు. మట్టి తవ్వడానికి పార కోసం కొట్లాడుకుంటున్నారు. మా బాపు బర్రెల కొట్టం మాట మానేశాడు. ఇంత జరిగాక నోరెలా విప్పను?

ఎండాకాలంలో సినిమా వచ్చింది. మ్యాట్నీకి షేక్‌పేట కదిలింది. నాయనమ్మ జీవితంలో మొదటిసారి టాకీసుకు వచ్చింది, కొంగున మక్కపేలాలు కట్టుకుని. ఆమె ముందు బెంచీలో ఉస్తాద్, ఉతికిన లాల్చీ, తెల్ల రుమాలు, చుట్టూ నలుగురు కొత్త శిష్యులు. ఆ నలుగురి తలల వెనక నేను. తెర మీద గుట్ట వచ్చింది. గద వచ్చింది. వీపు వచ్చింది.

"అగో! నా పిలగాడు!" నాయనమ్మ లేచి నిలబడింది. "సూడుండ్రి, నా మనుమడు!"

మావాళ్ళంతా ఈలలు. ఉస్తాద్ కదల్లేదు. మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. తర్వాత చీకట్లోనే వెనక్కి తిరిగి, "గది వీడు కాదు" అన్నాడు.

"ఏందీ? నేను నూనె రాసిన వీపు నాకెర్క లేదా? గా పక్క మడతలు సూడు!"

"నేను మట్టి రాసిన వీపు నాకెర్క లేదా అవ్వా? మా తాలీంల మడతలు ఉంటయా?"

"కూసోండ్రి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "ఎవని వీపైతే ఏంది, సిన్మా సూడనీయుండ్రి!"

వాళ్ళిద్దరూ సినిమా చూడలేదు. నేనూ చూడలేదు. ఇంటర్వెల్ గంట కొట్టారు. లైట్లు వెలిగాయి. అందరూ నావైపు తిరిగారు.

"చెప్పురా" అంది నాయనమ్మ. "నువ్వే గదా?"

"చెప్పు బేటా" అన్నాడు ఉస్తాద్. ఆయన పక్కన నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళ కళ్ళలో అప్పటికే అనుమానం. ఇంత తవ్వితే చివరికి వచ్చేది ఆ వీపేనా అని.

అవునంటే తాలీం ఆ క్షణాన మూతబడుతుంది. కాదంటే నాయనమ్మ షేక్‌పేటంతటి ముందు అబద్ధాలకోరు అవుతుంది. నోటిని వదిలేసి చొక్కా విప్పేశాను. బెంచీలు దాటుకుంటూ పోయి తెరముందున్న అరుగెక్కి, జనానికి వీపు పెట్టి నిలబడ్డాను.

నాకు కనబడింది తెర ఒక్కటే. అంత దగ్గర నుంచి అదే మొదటిసారి. తెరనిండా సన్నని చిల్లులుంటాయని మీకు తెలుసా? చిల్లుల వెనక చీకటి, ఆ చీకట్లో లౌడుస్పీకరు. ఆ సమయంలోనూ ఒక చిల్లుకు కన్ను ఆనించి చూశాను. అంతలో లైట్లు తగ్గించి వ్యాపార ప్రకటనల స్లైడ్లు మొదలుపెట్టారు. తెర మీద నా చుట్టూ ఒక పళ్ళపొడి అమ్మాయి నవ్వింది. ఆమె బుగ్గ ఎక్కడా కనబడలేదు. అది నా వీపు మీద పడింది.

ఆ తర్వాత పైకప్పు ఎగిరిపోయేట్టు ఈలలు. సరే, పైకప్పు మాట వదిలేయండి. వేసవి మ్యాట్నీ, సగం హాలు ఖాళీ. ఈలలు వేసింది ముందు బెంచీలవాళ్ళు. కానీ అందులో ఉస్తాద్ ఈల ఉంది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసే పాత కుస్తీ మైదానాల ఈల. అది నేను పోల్చుకున్నాను.

ఆ ఈలల మధ్య నాయనమ్మ గొంతు వినబడింది. "ఎవల పిలగాడో గని మంచిగున్నడు. గట్లనే ఉండాలె పిలగాడంటె. గని నా మనుమడేడీ? గిప్పటిదాక ఈడనే ఉండె!"

జనం పడీపడీ నవ్వారు. ఎవరు అబద్ధమాడారన్న మాటే ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఆమె నిజంగా గుర్తుపట్టలేదా? నన్ను గట్టెక్కించడానికి అలా అందా? ఆ పై ఆదివారం నలుగు పెడుతున్నప్పుడు అడిగాను. ఆమె చేతులు నా భుజాల మీద తెలియని ఊళ్ళో నడుస్తున్నట్టు తడుముకుంటూ నడిచాయి. "ఎవని వీపురా గిది, ఇంత గట్టిగున్నది" అని, మీగడ గిన్నె ముందుకు జరిపింది. అంతకుమించి చెప్పలేదు. ఈ వయసొచ్చినా నాకు తేలని ప్రశ్న అదొక్కటే.

ఉస్తాద్‌కు మర్నాడే నిజం చెప్పాను. వింటూ మట్టిలో గడ్డలు ఏరుతున్నాడు. "గంత పెద్ద హీరోకు గసుంటి వీపా" అని కాసేపు ఆశ్చర్యపోయి, "పాపం, మా తాలీంకు పంపకపోయినవ్" అన్నాడు. నా చేతికి పార ఇచ్చాడు. తాలీం ఆయన ఉన్నన్నాళ్ళూ నడిచింది. ఇప్పుడక్కడ ఫ్లైఓవరు నీడ పడుతుంది. సీతాఫలాలు బండ్లమీద వేరే ఊళ్ళనుంచి వస్తున్నాయి.

జిమ్ములో మొన్న ఆ ట్రెయినరు కుర్రాడు నా చేత బనీను విప్పించి, "పోశ్చర్ చూడాలి సార్" అని వెనకనుంచి ఫోనులో ఫొటో తీశాడు. తీసి నా చేతికిచ్చాడు. ఇన్నేళ్ళ బతుకులో నా వీపును ఆరిపోకుండా తీరిగ్గా చూసుకోవడం అదే మొదలు. వంగిన భుజాలు. నడుం పక్కన మడతలు, ఎడమవైపు మూడు. ఎక్కడో చూశాను దీన్ని. ఎక్కడ చూశానో తట్టేసరికి జిమ్మంతా వినబడేట్టు నవ్వాను.

"మూడు నెలలివ్వండి సార్, మొత్తం మార్చేద్దాం" అన్నాడు కుర్రాడు.

"భుజం ఒక్కటి లేచేట్టు చెయ్యి నాయనా" అన్నాను. "మిగతాది ముట్టుకోకు. మా నాయనమ్మ వస్తే గుర్తుపట్టాలి."